నంబరు పడకముందే కారును చూడాలి

కొత్త కారు కొనాలనుకున్నవారు నెలల తరబడి ఆలోచించేది మోడల్ గురించే. మైలేజీ ఎంత, ఎయిర్‌బ్యాగులు ఎన్ని, ఆన్‌రోడ్ ధరలో ఎంత తగ్గిస్తారు అన్న లెక్కలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. తీరా డబ్బు కట్టాక ఇంటికి వచ్చేది ఫలానా ఛాసిస్ నంబరు, అంటే ఏ కారుకు ఆ కారుకు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య ఉన్న ఒకే ఒక్క కారు. ఒకే రంగు, ఒకే వేరియంట్ కార్లు పది వరుసగా నిలబెట్టి ఉంటే, వాటిలో ఒకటి నిన్నగాక మొన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చినది కావచ్చు. ఇంకొకటి ఎనిమిది నెలలుగా ఎండకు ఎండుతున్నది కావచ్చు. మరొకటి లారీ నుంచి దించేటప్పుడు బంపర్ గీసుకుపోయి, మళ్లీ రంగు వేయించుకున్నది కావచ్చు. అన్నిటి ధరా ఒక్కటే. ఎవరికి ఏది అంటగట్టాలన్నది చాలాసార్లు డీలరు ఇష్టం. కొనేవారికి ఆ కారును ముందుగా చూసుకునే హక్కు చట్టమే ఇచ్చింది. అయితే ఆ హక్కుకు పూర్తి బలం ఉండేది కొద్ది రోజులే. రిజిస్ట్రేషన్ నంబరు పడటంతో ఆ గడువు దాదాపు ముగిసిపోతుంది.

కొత్త కారులో లోపం ఎందుకుంటుందని చాలామందికి అనుమానం. ఫ్యాక్టరీ గేటు దాటేదాకా కారు మీద నిఘా గట్టిగానే ఉంటుంది. అసలు ప్రమాదం ఆ తర్వాతే మొదలవుతుంది. హరియాణాలోని మనేసర్‌లోనో, గుజరాత్‌లోని హన్సల్‌పూర్‌లోనో తయారైన కారు హైదరాబాద్ చేరాలంటే ట్రెయిలర్ మీదో, రైలు వ్యాగన్‌లోనో వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. శ్రీపెరంబుదూరు, పెనుకొండల నుంచి వచ్చేవాటికి దూరం తక్కువే గాని, ఎక్కించడం, చక్రాలు బిగించి కట్టడం, దించడం వాటికీ తప్పవు. ఆ తర్వాత ఊరి చివర స్టాక్‌యార్డులో మకాం. చాలా యార్డులకు పైకప్పు ఉండదు. ఎండకు రబ్బరు బీడింగులు గట్టిపడతాయి. పక్షుల రెట్టలు రోజుల తరబడి ఉండిపోతే రంగు పైపొరను తినేస్తాయి. కదలకుండా నిలబడిన కారు టైర్లు నేలకు ఆనిన చోట చదునెక్కుతాయి, బ్యాటరీ నీరసిస్తుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి.

డీలరు వైపు ఒత్తిడి కూడా తెలుసుకోవాలి. షోరూంలు కంపెనీ నుంచి కార్లను చాలావరకు అప్పు మీదే తెచ్చుకుంటాయి. కారు అమ్ముడుపోని ప్రతి రోజూ వడ్డీ పెరుగుతుంది. డీలర్ల సమాఖ్య ఫాడా లెక్క ప్రకారం నిల్వ మూడు వారాలకు మించకుండా ఉంటే మేలు. అలాంటిది 2024లో పండగల ముందు దేశంలో డీలర్ల దగ్గర 80 నుంచి 85 రోజుల అమ్మకాలకు సరిపడా కార్లు పేరుకుపోయాయని ఆ సమాఖ్యే ప్రకటించింది. ఇంత నిల్వ ఉన్నప్పుడు ముందుగా వదిలించుకోవాలని చూసేది పాత ఛాసిస్‌నే. అడిగేవారికి కొత్తది, అడగనివారికి పాతది వెళ్లడంలో ఆశ్చర్యం లేదు.

ప్రతి షోరూంలోనూ డెలివరీకి ముందు టెక్నీషియన్ ఒక తనిఖీ చేస్తారు. పీడీఐ అని అందరూ అనేది దాన్నే. రవాణాలో ఎక్కువగా నింపిన టైర్ల గాలిని సరిచేయడం, ప్రయాణంలో బ్యాటరీ దిగిపోకుండా తీసి ఉంచిన ఫ్యూజును పెట్టడం, ద్రవాల మట్టాలు చూడటం అందులో భాగం. ఆ పని అవసరమే, దాని రిపోర్టు నకలు అడిగి తీసుకోవాలి కూడా. కానీ ఆ తనిఖీ చేసేది అమ్మేవారి మనిషి. యార్డులో గీసుకున్న తలుపుకు రంగు వేయించిన సంగతి ఆ కాగితంలో ఉండాలని ఆశించలేం. కొనేవారు తమ కళ్లతో చూసుకోవడం వేరే పని, దానికి బదులు లేదు.

ఇక చట్టం మాట. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం, కొనేవారికి వస్తువును పరీక్షించుకునే సరైన అవకాశం దొరికేదాకా వారు దాన్ని అంగీకరించినట్టు కాదు. అడిగితే ఆ అవకాశం ఇవ్వడం అమ్మేవారి బాధ్యత. కాబట్టి యార్డులో కారు చూపించమనడం బతిమాలుకోవాల్సిన విషయం కానే కాదు. అదే చట్టంలోని 13వ సెక్షన్‌లో రెండో వైపు కనిపిస్తుంది. వస్తువును ఒకసారి అంగీకరించాక, అందులో లోపం బయటపడినా సాధారణంగా నష్టపరిహారం అడగగలరే తప్ప వస్తువును తిరస్కరించే హక్కు ఉండదు. 16వ సెక్షన్‌లో ఇంకో మెలిక ఉంది. కొనేవారు వస్తువును పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో కనిపించి తీరాల్సిన లోపాలకు నాణ్యత విషయంలో చట్టం ఇచ్చే హామీ వర్తించదు. అంటే పైపైన ఒక చూపు చూసి తల ఊపడం, అసలు చూడకపోవడం కన్నా చేటు చేయవచ్చు.

వినియోగదారుల చట్టం కింద కారు మార్చి ఇవ్వమనో, డబ్బు వాపసు ఇవ్వమనో అడిగే దారి ఉన్నమాట నిజమే. కానీ అక్కడ తయారీ లోపాన్ని నిరూపించాల్సిన భారం ప్రధానంగా కొన్నవారి మీదే పడుతుంది. మారుతి ఉద్యోగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ షరతుల ప్రకారం లోపమున్న భాగాన్ని మార్చాలే గాని కారు మొత్తం మార్చాలని ఆదేశించడం కుదరదని తేల్చింది. గోవా నుంచి వచ్చిన ఇంకో కేసు దీనికన్నా కళ్లు తెరిపిస్తుంది. 2011 మోడల్ కొత్త కారుకు డబ్బు కట్టిన ఒక కొనుగోలుదారుకు డీలరు అంటగట్టింది 2009లో తయారై, అప్పటికే 622 కిలోమీటర్లు తిరిగిన కారు. కింది కమిషన్లు కొన్నవారి పక్షానే నిలిచాయి. కానీ 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కారు తయారుచేసిన టాటా మోటార్స్‌ను బాధ్యత నుంచి తప్పించింది. డీలరు కంపెనీకి ఏజెంటు కాదు, విడిగా వ్యాపారం చేసుకునే సంస్థ, కాబట్టి డీలరు చేసిన తప్పును కంపెనీకి తెలుసని రుజువు లేకుండా కంపెనీ మీద మోపలేమన్నది ఆ తీర్పు సారం. పెద్ద కంపెనీ పేరు చూసి నిశ్చింతగా ఉండేవారు ఈ తీర్పును గుర్తుపెట్టుకోవాలి. తయారైన సంవత్సరం, మీటరు మీది కిలోమీటర్లు రెండూ యార్డులో ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయాలు. అవి కోర్టుల్లో తేలడానికి పట్టిన కాలం ఏళ్లలో ఉంది.

అందువల్ల ఏం చూడాలన్న దానికన్నా ఎప్పుడు చూడాలన్నది ముఖ్యం. మామూలుగా జరిగే వరస ఇది: బుకింగ్ సొమ్ము కడతారు, బ్యాంకు రుణం నేరుగా డీలరు ఖాతాలో పడుతుంది, ఒక ఛాసిస్ కేటాయించి ఇన్‌వాయిస్ రాస్తారు, ఆ నంబరు మీదే బీమా తీసుకుంటారు, లైఫ్ ట్యాక్స్ కట్టి రిజిస్ట్రేషన్‌కు పంపుతారు, చివర్లో కారు చూపిస్తారు. తాత్కాలికమో శాశ్వతమో రిజిస్ట్రేషన్ లేకుండా డీలరు కారు అప్పగించకూడదని మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. డెలివరీ రోజున చూస్తే కారు అప్పటికే మన పేరు మీద ఉండటానికి కారణం అదే. అప్పుడు తలుపు మీద సొట్ట కనిపించినా, వేరే కారు ఇవ్వాలంటే ఇన్‌వాయిస్, బీమా, పన్ను, రవాణా శాఖ రికార్డు అన్నీ వెనక్కి తిప్పాలి. ఏ డీలరూ దానికి సిద్ధపడరు. "సర్వీసు సెంటర్‌లో చేయించి ఇస్తాం సార్" అన్న మాట అక్కడ పుడుతుంది.

ఈ వరసను తిరగేయాలి. ఛాసిస్ నంబరు కేటాయించగానే దాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి, మెయిలో వాట్సాప్ సందేశమో చాలు. ఆ నంబరున్న కారును యార్డులో చూడాలి. నచ్చిందని రాసి ఇచ్చాకే మిగతా సొమ్ము కట్టాలి, బీమా, రిజిస్ట్రేషన్ మొదలుపెట్టమనాలి. రుణం తీసుకునేవారు బ్యాంకుకు కూడా ఈ మాట ముందే చెప్పి, తాము కబురు చేసేదాకా సొమ్ము విడుదల చేయవద్దనాలి. తనిఖీకి ఒప్పుకుంటామని బుకింగ్ ఫారం మీద రాయించుకుంటే ఇంకా మంచిది. అందుకు ససేమిరా అనే షోరూంను వదిలేయడమే మేలు. బుకింగ్ రోజున ఆ తెగింపు సులువు, మిగతా సొమ్మంతా కట్టేశాక అసాధ్యం.

మన దగ్గర ఈ వరసకు పెద్ద శత్రువు ముహూర్తం. ఆషాఢం పోయి శ్రావణం వచ్చిందంటే షోరూంలు కిటకిటలాడతాయి. దసరా, ధనత్రయోదశి, ఉగాది రోజుల్లో ఒక్కో షోరూం పదుల కార్లు అప్పగిస్తుంది. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ముహూర్తం, బంధువులు వచ్చేశారు, గుడి దగ్గర పూజకు మాట్లాడుకున్నారు, చక్రాల కింద నిమ్మకాయలు సిద్ధం. కారు మీద ఎర్రటి గుడ్డ, చుట్టూ రిబ్బన్లు, ఫోటోగ్రాఫరు. ఆ హడావుడిలో బంపర్ అంచున రంగు తేడాను చూసి, ఈ కారు వద్దని అనగలవారు ఎందరు? ముహూర్తాన్ని మానుకోనక్కర్లేదు, అది ఇంటిల్లిపాది సంతోషం. తనిఖీని దానికి కనీసం నాలుగైదు రోజుల ముందుకు జరిపితే చాలు. కారు నచ్చకపోతే ఇంకో ఛాసిస్ తెప్పించే వ్యవధి అప్పుడే ఉంటుంది. విదేశాల్లో ఉన్న పిల్లలు డబ్బు పంపి, ఊళ్లో తల్లిదండ్రులు కారు తీసుకునే ఇళ్లలో ఈ జాగ్రత్త రెండింతలు అవసరం. షోరూం మర్యాదలు చూసి ప్రశ్నించడానికి మొహమాటపడే పెద్దవాళ్లకు, కార్ల సంగతి తెలిసిన బంధువునో, తెలిసిన మెకానిక్‌నో తోడు పంపాలి.

యార్డుకు పట్టపగలే వెళ్లాలి. సాయంత్రం వద్దు, షోరూం లైట్ల కింద అసలే వద్దు. ఆ వెలుతురులో ప్రతి కారూ మెరుస్తుంది. కారును నీళ్లతో కడిగి ఉంచమనాలి, పాలిష్ గాని కోటింగ్ గాని వేయవద్దని ముందే చెప్పాలి. దుమ్ము గీతలను దాస్తుంది, పాలిష్ కూడా దాస్తుంది.

మొదట చూడాల్సింది అంకెలు. ఛాసిస్ నంబరు పదిహేడు అక్షరాలు, అంకెల వరస. చాలా కార్లలో ముందు సీటు కిందో, బానెట్ లోపలి గోడ మీదో రేకు మీద చెక్కి ఉంటుంది. తలుపు స్తంభం దగ్గరో ఇంజన్ గదిలోనో ఉండే ప్లేటు మీద కూడా కనిపిస్తుంది. రెండూ, డీలరు పంపిన నంబరూ ఒక్కటిగా ఉండాలి. మన దేశంలో తయారయ్యే చాలా కార్లలో పదో స్థానంలోని అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది: 2024కు ఆర్, 2025కు ఎస్, 2026కు టి. నెల ఎక్కడ ఉంటుందన్నది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి డీలరు ఇచ్చే అమ్మకపు పత్రం, అంటే ఫారం 21 చూడటం సులువు. తయారైన నెల, సంవత్సరం అందులో రాయాలి. రేపు ఆర్‌సీ మీద ఎక్కేదీ, కారు తిరిగి అమ్మేటప్పుడు ధర కట్టేదీ వాటిని బట్టే. జనవరిలో కొన్నా డిసెంబరులో తయారైతే అది పోయిన ఏటి కారే. దానికి తగిన తగ్గింపు ఇస్తే తీసుకోవడంలో తప్పేమీ లేదు, తెలియకుండా తీసుకోవడమే నష్టం.

టైరు పక్క గోడ మీద డాట్ అన్న ముద్ర వరస చివర నాలుగు అంకెలుంటాయి. 3225 అని ఉంటే 2025లో 32వ వారం. ఐదు టైర్లవీ చూడాలి. ఇక్కడ ఒక చిన్న తర్కం చాలా విషయాలు బయటపెడుతుంది. టైరు ముందు తయారై, ఆ తర్వాతే కారుకు బిగుస్తుంది. కాబట్టి టైరు తేదీ కారు తేదీకన్నా కొన్ని వారాలో నెలలో వెనక ఉండాలి. కారు జూన్‌లో తయారై, ఒక టైరు మాత్రం సెప్టెంబరుదైతే, ఆ టైరును మధ్యలో ఎవరో మార్చారు. ఎందుకు మార్చారో చెప్పాల్సిన బాధ్యత డీలరుది. అద్దాలకూ ఇదే లెక్క. ప్రతి అద్దం మూలన తయారీదారు ముద్ర, సంవత్సరాన్ని సూచించే గుర్తులు ఉంటాయి. ఐదు అద్దాలు ఒక కంపెనీవి, ఒకటి వేరే కంపెనీదైతే అడిగి తీరాలి. మీటరు మీద యాభై కిలోమీటర్ల లోపు ఉంటే కంగారు పడనక్కర్లేదు. వందలు దాటితే వేరే ఊరి డీలరు దగ్గరి నుంచి నడిపించి తెచ్చారేమో, టెస్ట్ డ్రైవ్‌కు వాడారేమో తేల్చుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం రంగు మీద పెట్టాలి, యార్డులో జరిగిన మరమ్మతులకు సాక్ష్యం అక్కడే ఉంటుంది గనుక. కారుకు కొంచెం దూరంగా, ఏటవాలుగా నిలబడి తలుపుల మీదుగా వెలుతురు జారేలా చూడాలి. కంపెనీ రంగు మీద ప్రతిబింబం తిన్నగా సాగుతుంది. మళ్లీ రంగు వేసిన చోట అది అలలుగా వంగుతుంది, లేదా ఉపరితలం నారింజ తొక్కలా గరుగ్గా కనిపిస్తుంది. బంపర్ ప్లాస్టిక్‌ది కాబట్టి దాని ఛాయ రేకు ఛాయకు ఒక పిసరు తేడాగా ఉండటం కొన్ని రంగుల్లో మామూలే. ఫెండర్‌కూ తలుపుకూ మధ్య తేడా మాత్రం మామూలు కాదు. తర్వాత తలుపు తెరిచి, రబ్బరు బీడింగును వేలితో కొంచెం పక్కకు లాగి చూడాలి. రంగు గన్ను కొట్టినప్పుడు ఎగిరిన సన్నటి తుంపరలు ఆ రబ్బరు అంచు మీదా, లోపలి మడతల్లోనూ పడి ఉంటాయి. కంపెనీ రంగు వేసేనాటికి ఆ రబ్బరు కారుకు ఉండదు, కాబట్టి దాని మీద రంగు చుక్క ఉందంటే తర్వాత పడ్డదే. బానెట్, ఫెండర్, తలుపు కీళ్ల బోల్టుల తలలు కూడా చూడాలి. పానా పెట్టి తిప్పిన చోట బోల్టు అంచున రంగు చిట్లి లోహం మెరుస్తుంది. ఫ్యాక్టరీలోనే సర్దుబాటు చేసిన బోల్టు ఒకటీ అరా ఉండవచ్చు, కానీ ఒక వైపున్నవన్నీ అలాగే ఉంటే ఆ భాగం విప్పి బిగించినదే.

గీత కనిపిస్తే దాని మీద గోరు నెమ్మదిగా అడ్డంగా జరపాలి. గోరు తట్టుకోకుండా జారిపోతే పైపొర మీది గీత, పాలిష్‌తో పోవచ్చు. గోరు ఆగిందంటే గీత లోతుగా దిగింది. "పాలిష్ చేస్తే పోతుంది" అన్న మాట దానికి చెల్లదు. అనుమానం తీరకపోతే రంగు మందం కొలిచే చిన్న పరికరం ఉన్నవారిని పిలిపించుకోవచ్చు. కంపెనీ రంగు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక తలుపు 110, పక్క తలుపు 250 చూపిస్తే ఇక వాదన అక్కర్లేదు.

వరదల కాలం దాటాక లోపలి భాగాన్ని మరింత శ్రద్ధగా చూడాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ ఎలా మునిగాయో ఎవరూ మరచిపోలేదు. పల్లపు యార్డులో నీరు చేరడానికి అంత వరద కూడా అవసరం లేదు. కింది మ్యాట్ ఎత్తి కార్పెట్‌ను అరచేత్తో అదిమి చూడాలి. సీటు పట్టాల మీద, సీటు కింది బోల్టుల మీద తుప్పు ఉందా, డిక్కీలో స్టెప్నీ కింది గుంటలో ఒండ్రు చారలున్నాయా, హెడ్‌లైట్ లోపల తేమ పట్టిందా చూడాలి. అద్దాలు మూసి రెండు నిమిషాలు కూర్చుంటే ముక్కే మిగతాది చెబుతుంది.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలి. వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఆగి, చల్లారాక మొదలుపెట్టడం మంచిది. ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మట్టాలు, కారు కింద నేల మీద మరకలు, ఏసీ చల్లదనం, డాష్‌బోర్డు మీద ఆరిపోని హెచ్చరిక దీపాలు చూస్తే ఇక్కడి పని దాదాపు అయినట్టే. మిగిలినవి ఓపిగ్గా ఒక్కొక్కటీ నొక్కి చూసేవే: లైట్లు, వైపర్లు, నాలుగు అద్దాలు, కెమెరా, స్పీకర్లు, రెండో తాళంచెవి. జాకీ, పానా ఉన్నాయో లేదో కూడా చూడాలి. 2020 నుంచి కొన్ని షరతులకు లోబడి స్టెప్నీ లేకుండానే కార్లు అమ్మవచ్చు కాబట్టి, తాము తీసుకునే వేరియంట్‌కు స్టెప్నీ ఉందా, పంక్చర్ కిట్ మాత్రమేనా అన్నది ముందే తెలుసుకోవాలి.

విద్యుత్ కారైతే ఛార్జరు పెట్టి నిజంగా ఛార్జ్ అవుతోందా చూడాలి. పెద్ద బ్యాటరీని దాదాపు ఖాళీగా నెలల తరబడి వదిలేయడం దాని ఆయుష్షుకు మంచిది కాదు. కాబట్టి కారు తయారైన నెల, యార్డులో కనిపించిన ఛార్జ్ శాతం రెండూ కలిపి చూసుకోవాలి. ఆ కారులో కూడా మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుందనీ, నిలబడిపోయిన కార్లలో ముందు మొరాయించేది అదేననీ చాలామందికి తెలియదు.

లోపం కనిపిస్తే ఏం చేయాలి? అన్నిటికీ కారు తిరస్కరించడం తెలివైన పని కాదు. వదులైన క్లిప్పు, రాని మ్యాట్, పనిచేయని స్పీకరు సరిచేయించుకునేవే, డెలివరీలోపు చేస్తామని రాయించుకుంటే చాలు. మళ్లీ రంగు వేసిన రేకు, మార్చిన అద్దం, విప్పి బిగించిన భాగాలు, నీటి జాడలు కనిపిస్తే మాత్రం ఉచిత యాక్సెసరీలకు, ఐదు వేల తగ్గింపుకు లొంగకుండా వేరే ఛాసిస్ అడగాలి. సేల్స్ ఎగ్జిక్యూటివ్‌తో గొడవ అనవసరం. నెలాఖరు టార్గెట్ ఆయన మెడ మీద ఉంటుంది, కారు మార్చే అధికారం ఆయన చేతిలో ఉండదు. ఫోటోలు జతచేసి మేనేజరుకు మెయిల్ రాసి, నకలు కంపెనీ కస్టమర్ కేర్‌కు పంపితే పని త్వరగా కదులుతుంది.

కాగితాల విషయంలో రెండు మాటలు. బీమా షోరూంలోనే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమా మూడేళ్లకు తప్పనిసరి, సొంత నష్టం బీమాను బయట ధరలతో పోల్చి తీసుకోవచ్చు. కారు ధర 10 లక్షలు దాటితే అమ్మేవారు మన దగ్గర ముందుగా వసూలు చేసే 1 శాతం పన్ను, అంటే టీసీఎస్, ఆదాయపు పన్ను లెక్కలో మనకు జమ అవుతుంది కాబట్టి పాన్ నంబరు సరిగ్గా ఇవ్వాలి.

డెలివరీ రోజున మళ్లీ మొత్తం చూడనక్కర్లేదు. యార్డులో చూసిన ఛాసిస్ నంబరే ఇన్‌వాయిస్ మీద, బీమా పత్రం మీద, ఎదురుగా ఉన్న కారు మీద ఉందో లేదో సరిచూసుకుని, యార్డు నుంచి షోరూంకు వచ్చే దారిలో కొత్త గీతలు పడ్డాయేమో ఒక చుట్టు తిరిగి చూస్తే సరిపోతుంది. ఎర్ర గుడ్డ కప్పక ముందే ఆ పని చేయనివ్వమని అడగాలి. డెలివరీ నోట్ మీద సంతకం అన్నిటికన్నా చివర. అందులో "మంచి స్థితిలో అందింది" అన్న అర్థం వచ్చే వాక్యం దాదాపు ప్రతి షోరూంలోనూ అచ్చు వేసి ఉంటుంది. ఇంకా అందాల్సినవి, చేయాల్సినవి ఉంటే సంతకానికి పైన చేత్తో రాసి, ఫోటో తీసుకోవాలి.

ఇంత చేసినా తర్వాత దాగి ఉన్న లోపం బయటపడితే, యార్డులో తీసిన తేదీ ఉన్న ఫోటోలు, మెయిళ్లు, ఆ డెలివరీ నోట్ నకలు అక్కరకు వస్తాయి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. కారుకు కట్టిన సొమ్ము 50 లక్షలకు మించకపోతే కేసు వేయాల్సింది జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. కొన్నవారు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, గడువు ఫిర్యాదుకు కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు.